మనోవ్యాధికి ఎవరిని వెదకవలయును?

(సూర్యలంకలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చదివిన ఉపన్యాసము)



1913వ సంవత్సరము మే నెలలో ప్రథమాంధ్ర మహాసభ జరిగిన బాపట్ల పట్టణము ఈ పందిరికి తొమ్మిది కిలోమీటర్ల దూరమున నున్నది. కావున సభలు చేయుట మన ప్రాంతమువారికి కొత్త విద్య గాదు. సభలో పలికిన మాట మన యిండ్ల గడప దాటి లోనికి పోవుటయే కష్టము. నేడు మేము చెప్పబోవు విషయము గడపకు లోపలిదే గనుక మీరు కొంచెము ఓరిమితో వినవలయునని ప్రార్థించుచున్నాము.

ఏటేట ఈ సభలలో విద్యానిధిని గూర్చియు, పడవల మీది అప్పులను గూర్చియు, చేపల ధరలను గూర్చియు మాటలాడుకొనుచున్నాము. ఈ యేడు ఆరోగ్యమును గూర్చి చెప్పుడని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. జ్వరములను గూర్చియు, మధుమేహమును గూర్చియు చెప్పగలవారు మనలో పలువురు గలరు. మనసునకు వచ్చు వ్యాధిని గూర్చి చెప్పుటకు మాత్రము ఎవరును లేవరు. చిన్న యూరిలో నుండువాడు అట్టి వ్యాధి తగిలినప్పుడు అర్హతగల సైకాలజిస్టును ఎట్లు గుర్తుపట్టవలయును, ఎక్కడ వెదకవలయును అనునదియే నేటి మా విషయము.

మొదట మేమొక తప్పు నొప్పుకొనవలసియున్నది. కొన్ని యేండ్ల క్రిందట మన తీరమున ఒక సోదరుడుండెను. పేరు చెప్పము, ఆతని బిడ్డలు ఈ పందిటిలోనే యుండవచ్చును. వల వేయుటలో ఆతని చేతికి సాటి లేదని పేరు. అట్టివాడు క్రమముగా మాట తగ్గించెను. తిండి తగ్గెను. రాత్రులు నిదురలేక ఒడ్డున బోర్లించిన పడవ ప్రక్కన కూర్చుండువాడు. తనవలన ఇంటికి బరువే గాని లాభము లేదని ఒకరిద్దరితో ననెను. పెద్దలమైన మేమేమి చెప్పితిమి? “ఇన్ని తుపానులు చూచినవాడవు, ఇంతమాత్రమునకే కుంగిపోదువా?” అంటిమి. ఒకరు తీర్థయాత్ర పొమ్మనిరి. ఒకరు రెండు గ్లాసులు పుచ్చుకొని పండుకొమ్మనిరి.

ఒక సాయంకాలము ఆతని భార్య మాయొద్దకు వచ్చి, “ఎవరికైన చూపింతమా బాబాయిగారూ? ఎవరికి చూపవలెనో మీరు చెప్పుడు” అని యడిగెను. ఎవరికి చూపవలెనో మాకు తెలియదు. తెలియదని చెప్పుటకు సిగ్గుపడి, “నలుగురికి తెలిసిన రేపు పిల్ల పెండ్లి మాటేమగునమ్మా?” అంటిమి. ఆమె మారు పలుకక ఇంటికి పోయెను. రెండు నెలలు గడువకముందే ఆతడు తన ప్రాణము తానే తీసికొనెను. ఊరంతయు అది సముద్రమున జరిగిన ప్రమాదమనెను. మేమును అట్లే యంటిమి. అందరమును నమ్మినట్లు నటించితిమి. ఆ సోదరి యడిగిన ప్రశ్నకు ఈనాడు, ఇంత యాలస్యముగా, ప్రత్యుత్తరము చెప్పుటకే ఇచ్చట నిలువబడితిమి.

ఇది ఒక్క యింటి దురదృష్టమని ఎవరును తలపవలదు. బెంగుళూరులోని నిమ్హాన్సు సంస్థవారు 2015–16లో దేశమున పన్నెండు రాష్ట్రములలో జాతీయ మానసికారోగ్య సర్వే జరిపిరి. మన రాష్ట్రము ఆ పన్నెండింటిలో చేరలేదు. అయినను ఆ లెక్కలు మనకును బుద్ధి చెప్పగలవు. పెద్దవారిలో నూటికి పదిమందికి మించి, అనగా 10.6 వంతున, ఏదో యొక మానసిక వ్యాధితో బాధపడుచున్నట్లు తేలినది. ఈ పందిటి క్రింద నూరుగురు కూర్చున్నచోట పదిమందియని అనుకొనుడు. తగిన చికిత్స అందనివారు వ్యాధినిబట్టి నూటికి డెబ్బదినుండి తొంబదిరెండు వరకు నుండిరి. మద్యపాన వ్యసనమునకు చికిత్స లేక మిగిలినవారు నూటికి ఎనుబదియారుగురు. మద్యపానము వ్యాధియనియు, దానికి చికిత్స గలదనియు మనలో ఎందరికి తెలియును?

సముద్రమును నమ్ముకొని బ్రదుకు ఇండ్లకు మరికొన్ని కారణములు గలవు. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన దివిసీమను ముంచివేసిన రాత్రి మన బాపట్ల, రేపల్లె ప్రాంతములును ఆ తుపాను దెబ్బ తినినవి. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ మన కోస్తాను తాకినది. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్లయొద్దనే తీరము దాటినది. ప్రతిసారియు పడవలను లెక్కించిరి, వలలను లెక్కించిరి, కూలిన ఇండ్లను లెక్కించిరి. గాలి హోరు వినబడిన రాత్రి నేటికిని కన్ను మూయలేని మన ముసలివారిని మాత్రము ఎవరును లెక్కింపలేదు.

ఇక నొక ముచ్చట మనవి చేయుదుము. పై సోదరుడు పోయిన పిమ్మట మన కులపు బాలుడొకడు ఇంజనీరింగు చదువు నడుమ విడిచి ఇంటికి వచ్చెను. తన్నెవరో వెంటాడుచున్నారనువాడు. ఎవరును లేనిచోట మాటలు వినబడుచున్నవని చెవులు మూసికొనువాడు. ఈసారి ఊరకుండరాదని నిశ్చయించి మేము ఆతని తల్లిదండ్రులతో కూడ తిరిగితిమి. తిరిగి తిరిగి ఎన్ని తప్పుదారులు గలవో నేర్చుకొంటిమి.

మొదటి రెండు నెలలు నిమ్మకాయలకును తాయెత్తులకును పోయినవి. పిమ్మట ఒక యెం.బి.బి.ఎస్. డాక్టరుగారు కొన్ని మాత్రలు వ్రాసి, గుంటూరులో మానసిక వైద్యునికి చూపుడని చీటి ఇచ్చిరి. గుంటూరు దూరమని బంధువులు తలచిరి. ఇంతలో ఒక పట్టణమున పెద్ద బోర్డు కనబడెను. అందు సైకాలజిస్టు, కౌన్సెలరు, హిప్నాటిస్టు అని మూడు బిరుదులు, గోడనిండ సన్మాన పత్రములు. ఆతడు పండ్రెండుసార్లకు రావలసిన సొమ్మును ముందుగనే కట్టించుకొనెను. మాత్రలు మెదడును పాడుచేయునని చెప్పి వానిని మాన్పించెను. నాలుగవ వారమునకు బాలుని స్థితి మొదటికన్న చెడెను. అప్పుడు మేము రిజిస్ట్రేషను సంఖ్య యేదియని యడుగగా, ఆతడు కొన్ని దినముల తరగతి ముగించినట్లున్న కాగిత మొకటి చూపెను. ఆతని పేరు చెప్పుటకు మాకిష్టము లేదు. సొమ్ము కట్టకముందు అడుగవలసిన ప్రశ్నను కట్టిన పిమ్మట అడిగితిమి. ఆ తప్పు మాది.

తుదకు ఒక ప్రభుత్వాసుపత్రిలోని మానసిక వైద్య విభాగమునకు పోయితిమి. అచ్చటి డాక్టరు మందు నిర్ణయించిరి. అచ్చటనే యున్న క్లినికల్ సైకాలజిస్టు బాలునితో కొన్ని మారులును, తల్లిదండ్రులతో విడిగా కొన్ని మారులును మాటలాడి, ఇంటిలో ఎట్లు మసలవలయునో, నిదుర తప్పుట మొదలగు ఏ గుర్తులను కనిపెట్టియుండవలయునో నేర్పిరి. సంపూర్ణముగా కుదిరినదని మేము చెప్పజాలము. మాత్రలు వేసికొనుచున్నాడు, పని చేసికొనుచున్నాడు, రాత్రి నిద్రపోవుచున్నాడు. తల్లిదండ్రులకు అంతకన్న కావలసినదేమి?

ఇన్ని మెట్లెక్కి దిగిన పిమ్మట తెలిసిన సంగతులను వరుసగా చెప్పుదుము. మనము ఒక్క మాటతో పిలుచు మనోవైద్యులలో పలు తెగలవారు గలరు. మొదటివారు సైకియాట్రిస్టులు. వీరు ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపైని మానసిక వైద్యమున ఎం.డి. గాని డిప్లొమా గాని పొందిన డాక్టర్లు. వీరి పేరు మెడికల్ కౌన్సిలు రిజిస్టరులో నుండును. మందు వ్రాయు అధికారము వీరికి గలదు. లేని మాటలు వినబడుట, విపరీతమైన అనుమానము, దినములకొలది నిద్రలేని ఉద్రేకము, చావవలెనను తలపు, ఇట్టి వానికి మొదట వీరినే చూడవలయును.

రెండవవారు క్లినికల్ సైకాలజిస్టులు. వీరు మందు వ్రాయరు. ఒకరు వ్రాసిన మందును మానుమనియు చెప్పరాదు. మాటచేతను, పరీక్షలచేతను, క్రమమైన అభ్యాసముచేతను చికిత్స చేయుదురు. దిగులు, అకారణ భయము, చేతులు పదేపదే కడుగుకొనుట వంటి విడువని అలవాట్లు, చిన్నబిడ్డల బుద్ధిమాంద్యమును చదువు వెనుకబాటును పరీక్షించుట, ఇవి వీరి పనులు. పెద్ద వ్యాధులలో డాక్టరు మందునకు తోడుగా వీరి మాట పనిచేయును. వీరుగాక, ఆసుపత్రులలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్లును, ఈ విద్యలో తర్ఫీదు పొందిన నర్సులును ఉందురు. కళాశాలలలోను ఇతరత్రను కౌన్సెలర్లుందురు. వీరిలో మంచివారు చాలమంది గలరు. అయినను అందరికిని ఒకే అర్హత యుండదు.

లైసెన్సు మాట కిప్పుడు వత్తము. మన దేశమున ఊరక సైకాలజిస్టు అను పేరు పెట్టుకొన్నంతమాత్రమున వ్యాధికి చికిత్స చేయు హక్కు రాదు. విశ్వవిద్యాలయమున సైకాలజీలో ఎం.ఏ. చదువుట గౌరవనీయమైన విద్యయే గాని, అది యొక్కటియే చికిత్సకు చాలదు. 1992వ సంవత్సరపు చట్టముచేత రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అను మండలికి అధికారము కలిగినది. దానివారు సెంట్రల్ రిహాబిలిటేషన్ రిజిస్టరు అను పట్టిక నుంచుదురు. క్లినికల్ సైకాలజిస్టు పేరు ఆ పట్టికలో నుండవలయును. పేరు లేక వృత్తి చేయువారికి ఆ చట్టము శిక్షను గూడ విధించినది. చాలకాలముగా ఈ అర్హతకు ప్రధానమైన మార్గము ఎం.ఏ. పిమ్మట రెండేండ్లు ఆసుపత్రిలో తర్ఫీదుతో చేయు ఎం.ఫిల్. పట్టము. ఈ మధ్య కాలమున ఆ పాఠ్యక్రమముల పేరులు మారుచున్నవి. కావున పట్టము పేరునకన్న రిజిస్టరులో మనిషి పేరున్నదా లేదా అని చూచుట మేలు. 2021లో పార్లమెంటు చేసిన మరియొక చట్టము తక్కిన సైకాలజిస్టులను, కౌన్సెలర్లను గూడ రిజిస్టరు చేయుటకు వీలు కల్పించినది.

కాబట్టి ఏ బోర్డు క్రిందికి పోయినను ముందుగా నాలుగు ప్రశ్న లడుగుడు. అయ్యా, అమ్మా, మీ రిజిస్ట్రేషను సంఖ్య యేది, దాని గడువు ఎప్పటివరకు? మీరు ఎక్కడ, ఎన్నాళ్లు ఆసుపత్రిలో తర్ఫీదు పొందితిరి? మందు కావలసివచ్చిన మీరు ఏ డాక్టరుయొద్దకు పంపుదురు? ఎన్నిసార్లు రావలసియుండును, ప్రతిసారికి రుసుమెంత? అర్హతగలవారు ఈ ప్రశ్నలకు కోపగింపరు. సంఖ్యను కాగితముమీద వ్రాసి ఇత్తురు. ఆ సంఖ్యను మండలివారి వెబ్‌సైటులో సరిచూడవచ్చును; మన చదువుకొన్న పిల్లలకు అది అయిదు నిమిషముల పని. సొమ్మంతయు ముందుగనే కట్టుమనువారిని, తప్పక కుదుర్చుదుమని ప్రమాణము చేయువారిని, డాక్టరు మందు మానుమనువారిని, రోగిని ఏకాంతమునుంచి ఇంటివారికి ఏమియు చెప్పక భయపెట్టువారిని విడిచి వెంటనే లేచి రండు.

ఆ సోదరి ప్రశ్నకు రెండవ భాగము, “ఎక్కడికి?” అనునది. సూర్యలంకనుండి బాపట్లకు తొమ్మిది కిలోమీటర్లు. బాపట్లనుండి గుంటూరునకు సుమారు ఏబది. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగము గలదు. మంగళగిరియొద్ద ఎయిమ్స్ ఆసుపత్రిలోను గలదు. రేపల్లెవారు రైలెక్కిన తెనాలి మీదుగా గుంటూరు చేరవచ్చును. బాపట్లలోను తెనాలిలోను ప్రభుత్వాసుపత్రికి పోయి, జిల్లా మానసికారోగ్య పథకము క్రింద ఏ దినమున ఎవరు వచ్చుచున్నారో విచారింపుడు. వారముల తరబడి దారిఖర్చు పెట్టుకొనలేనివారు, మొదటిసారి నేరుగా పోయి చూపించుకొని, తరువాత కొన్ని మారులు ఫోనుద్వారా గాని వీడియోద్వారా గాని మాటలాడుటకు వీలున్నదా యని అడుగవచ్చును.

ఎక్కడికిని పోలేని రాత్రికి కూడ నొక దారి యున్నది. 2022 అక్టోబరు 10వ తేదీన కేంద్ర ప్రభుత్వము టెలి మానస్ అను సేవను ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో రేయింబవళ్లు, రుసుము లేకుండ, తెలుగులోనే మాటలాడుదురు. అవసరమైనచో పై నిపుణులకు కలుపుదురు. ఈ అయిదంకెలను మీ ఇంటి తలుపు వెనుక సుద్దతో వ్రాసికొనుడు. మనిషి ప్రాణాపాయములో నున్నచో 108కి ఫోను చేయుడు.

ఎవరైన బ్రదుకవలెనని లేదు అని యన్నచో దానిని బెదిరింపుగాను, నాటకముగాను కొట్టివేయకుడు. చావవలెనని అనిపించుచున్నదా యని నేరుగా, మెల్లగా అడుగుడు. అడిగినందువలన లేని తలపు పుట్టదు. ఉన్న తలపు బయటికి వచ్చి బరువు తగ్గును. ఆ మనిషిని ఒంటిగా విడువకుడు. పురుగుమందు మొదలగు ప్రమాదకర వస్తువులను ఇంటినుండి తీసివేయుడు. తెల్లవారగనే డాక్టరుయొద్దకు తోడుపొండు. ఇట్టివారిని పోలీసు కేసు పేరిట భయపెట్టుట కూడ తగదు. 2017వ సంవత్సరపు మానసికారోగ్య సంరక్షణ చట్టము 2018 మే నెలనుండి అమలులోనికి వచ్చినది. ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్రమైన మనోవేదనలో నుండిరని తలచి వారిని సంరక్షింపవలయునే గాని శిక్షింపరాదని ఆ చట్టము చెప్పుచున్నది.

అదే చట్టములో మనకు పనికివచ్చు మరి కొన్ని మాటలున్నవి. ప్రభుత్వము నడుపు మానసిక వైద్యసేవను పొందుట ప్రతివారి హక్కు. ఏ మానసిక రోగినిని గాని, రోగిని గాని గొలుసులతో కట్టరాదు. రోగి సంగతిని వైద్యుడు గోప్యముగా నుంచవలయును. శరీర వ్యాధులకువలెనే మనోవ్యాధులకును బీమా కంపెనీలు రక్షణ ఇయ్యవలయును. ఇవన్నియు కాగితముమీది మాటలని మీరనవచ్చును. నిజమే. అడుగువారు లేనప్పుడు చట్టము కాగితముమీదనే యుండును.

గొలుసుల మాట వచ్చినది గనుక ఒక సంగతి జ్ఞప్తి చేయుదుము. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఎర్వాడిలో, దైవసన్నిధిలో కుదురునని తెచ్చి విడిచిన మనోరోగులుండిన పాకకు నిప్పంటుకొనెను. గొలుసులతో కట్టబడియుండుటచేత వారు పరుగెత్తజాలక పోయిరి. ఇరువదియెనమండుగురు మరణించిరి. వారిని అక్కడ నుంచినవారు క్రూరులు గారు. మనవంటి తల్లిదండ్రులే, అన్నదమ్ములే. ఎవరికి చూపవలెనో తెలియనివారు. మేము దైవభక్తిని తప్పుపట్టుటలేదు. భావనారాయణస్వామికి మ్రొక్కుకొనుడు, గంగమ్మకు మ్రొక్కుకొనుడు. మ్రొక్కిన మరునాడు డాక్టరుకు చూపుడు. మన పూర్వుల వైద్యశాస్త్రమైన చరకసంహితలో ఉన్మాదమునకు ప్రత్యేకాధ్యాయములు గలవు. అది చికిత్స చేయదగిన వ్యాధియని వారును ఎరుగుదురు.

ఇక దూరములలోకెల్ల పెద్ద దూరమును గూర్చి చెప్పవలయును. గుంటూరు ఏబది కిలోమీటర్లేగాని, మన సిగ్గు అంతకన్న పెద్ద దూరము. సంబంధములు చెడునని బిడ్డ వ్యాధిని దాచుచున్నాము. పెండ్లి చేసిన కుదురునని తలచి, ఏమియు చెప్పక మరియొక యింటి పిల్లను తెచ్చి ఆ యింటిలో పెట్టుచున్నాము. పెండ్లి మందు గాదు. తెలియక వచ్చిన ఆ పిల్ల పడు కష్టమునకు మనమే బాధ్యులము. బాలింత యొకతె బిడ్డను ముట్టక రాత్రింబవళ్లు ఏడ్చుచున్నచో గాలి సోకినదని మూల కూర్చుండబెట్టుచున్నాము. అది ప్రసవము తరువాత కొందరికి వచ్చు వ్యాధి, చికిత్సకు లొంగునది. మగవాడు ఏడ్వరాదని చెప్పి, ఏడ్పును సారాయిలో ముంచుమని నేర్పుచున్నాము.

మన తీరమున ఏప్రిలు 15వ తేదీనుండి జూను 14వ తేదీవరకు మరపడవలకు వేట నిషేధము. అరువదియొక్క దినములు పడవలు ఒడ్డున నుండును. ఇంటర్మీడియటు ఫలితములు వెలువడునదియు, పెండ్లిండ్లు జరుగునదియు, కళాశాల రుసుములకు అప్పు చేయునదియు ఇంచుమించుగా ఆ దినములలోనే. రాబడి లేని దినములలో ఖర్చును, దిగులును ఒక్కసారిగా వచ్చి ఇంటిలో కూర్చుండును. పరీక్ష తప్పిన బిడ్డయు, పని లేని తండ్రియు ఒకే కప్పు క్రింద నుందురు. సముద్రముమీద గాలి మారినప్పుడు మనము కనిపెట్టుదుము గదా. ఇంటిలో గాలి మారు నెలలను గూడ కనిపెట్టియుండవలయును.

కావున ఈ మహాసభవారి యెదుట నాలుగు ప్రార్థనలు పెట్టుచున్నాము. మొదటిది, ఊరికొక పురుషుని, ఒక స్త్రీని ఏర్పరచి, పైన చెప్పిన ఆసుపత్రుల దినములను, రిజిస్టరు సరిచూచు విధమును, 14416 సంఖ్యను వారికి నేర్పవలయును. వారు వైద్యము చేయరాదు; దారి చూపి తోడుపోవుటయే వారి పని. విన్న మాటను ఇంకొకరితో చెప్పమని వారు సంఘము యెదుట మాట ఇయ్యవలయును. రెండవది, విద్యానిధిలో కొంత భాగమును తోడునిధిగా విడదీసి, రోగికిని తోడుపోవువారికిని దారిఖర్చును, ఆనాటి కూలిని ఇయ్యవలయును. ఈ నిధి లెక్కలలో పేరులు వ్రాయరాదు.

మూడవది, మన పిల్లలలో ఒకరికి, ఆడపిల్లకైన మరియు మేలు, క్లినికల్ సైకాలజీ చదువుటకు సంఘము పూర్తి వేతనమీయవలయును. ఇంజనీరులను మన విద్యానిధి చదివించినది, సంతోషము. మన యాసలో, మన అలలభాషలో దుఃఖమును చెప్పుకొనగల మనిషి మన తీరమున ఒక్కరైన నుండవలదా? చదువు ముగిసిన పిమ్మట వారమున కొక దినము ఇచ్చటికి వచ్చి కూర్చుండుటకు మాట తీసికొన్న చాలును. నాల్గవది, బాపట్ల జిల్లాధికారులకు మహజరు వ్రాసి, వేటనిషేధ మాసములలో నైనను తీరగ్రామములకు మానసిక వైద్య బృందమును క్రమముగా పంపుమని కోరవలయును. 1980లలో బళ్లారి జిల్లాలో నిమ్హాన్సువారు పల్లెల ప్రాథమికారోగ్య కేంద్రముల డాక్టర్లకును సిబ్బందికిని ఈ వైద్యమున తర్ఫీదిచ్చి చూపిరి. జిల్లా మానసికారోగ్య పథకము 1996లో ఆ మాదిరినే ప్రారంభమైనది. పెద్ద నగరము లేకున్నను ఈ పని నడుచునని ఆనాడే తేలినది. కావున మనమడుగునది కొత్త కోరిక గాదు.

ఈ ప్రార్థనలు తీర్మానములుగా వ్రాయబడి సంచికలో అచ్చగునేగాని ఆచరణలోనికి రావని కొందరనవచ్చును. అట్లు కాకుండుటకు మేము మొదటి తోడుగా మా పేరులనే వ్రాయించుకొనుచున్నాము. ఏ వేళనైనను మా తలుపు తట్టవచ్చును.

సోదరులారా, ఆ సోదరి ఆ సాయంకాలమున మాయొద్దకు వచ్చి నిలిచిన చోటు మాకు నేటికిని కన్నులయెదుట నున్నది. ఆమె మరల వచ్చి యడుగదు. అడుగవలసిన అవసరము ఆమెకు తీరిపోయినది. కాని మరియొక యింటినుండి మరియొకరు వచ్చి, “ఎవరికి చూపింతము బాబాయిగారూ?” అని యడుగుదురు. అప్పుడు పిల్ల పెండ్లి మాట యెత్తము. “రేపు తెల్లవారుజామున మొదటి బస్సుకు బయలుదేరుదమమ్మా, మేమును వచ్చెదము” అని చెప్పుదుము. ఈ పందిటిలోని పెద్దలందరును అదే మాట చెప్పవలయునని వేడుకొనుచున్నాము.